బ్లోయర్ ఆగిన రాత్రి: ఒక చెరువు ధ్వని కేస్ స్టడీ

ఈ కేసు ఒక చెరువుది. పూడిక తీసి, మురుగు కాలువను మళ్ళించి, గట్ల వెంట జమ్ము, తుంగ, రెల్లు నాటి అప్పటికి మూడేళ్ళు దాటింది. నీటి పరీక్షల ఫలితాలు బాగున్నాయి, నాటిన మొక్కలు ఒత్తుగా పెరిగాయి. అయినా పడమటి ఒడ్డున ఉన్న సందడిలో సగం కూడా తూర్పు ఒడ్డున లేదని, తొలి వానలు పడిన రాత్రుల్లో సైతం అటువైపు నుంచి కప్పల అరుపు రావడం లేదని, నీటికోళ్ళు ఆ పక్క జమ్ములోకి తొంగిచూసి వెళ్ళిపోతున్నాయే తప్ప గూడు కట్టడం లేదని నిర్వాహకులు నాకు కబురు చేశారు. ఒక స్థలంలోని ధ్వనులను రోజుల తరబడి రికార్డు చేసి, అందులో ఏ ప్రాణి ఎప్పుడు, ఎక్కడ వినబడుతోందో, ఏది వినబడటం మానేసిందో తేల్చడం నా వృత్తి. చెరువు పేరు, నిర్వాహక సంస్థ పేరు ఈ నివేదికలో రాయడం లేదు. నేను చేసిన తప్పు మాత్రం రాస్తున్నాను, ఎందుకంటే ఈ కేసులో నేర్చుకోవలసినదంతా అక్కడే మొదలైంది.

పగటి కొలత

మొదటిసారి నేను వెళ్ళింది ఉదయం పదకొండు గంటల వేళ. సౌండ్ లెవెల్ మీటరును అలవాటు ప్రకారం ‘ఎ’ కొలమానంలో పెట్టి రెండు ఒడ్లూ తిరిగాను. తూర్పు ఒడ్డున రీడింగు కొంచెం ఎక్కువగానే ఉన్నా, ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకునే స్థాయిని మించలేదు. ఆ పక్క కొంత దూరంలో ఒక రోడ్డు ఉంది. గట్టు చివర, నీటికి ఆక్సిజన్ అందించే బ్లోయర్ ఉన్న చిన్న గది కూడా ఉంది. అది చెరువు మేలు కోసం పెట్టిన యంత్రం కాబట్టి నా అనుమానం అటు పోలేదు. వాహనాల మోతే కారణమని నిర్ణయించి, తూర్పు గట్టు వెంట దట్టంగా చెట్ల వరుస నాటమని నా మొదటి నోట్‌లో రాశాను. వాళ్ళు నమ్మి నాటారు. దానివల్ల ఏ మార్పూ రాలేదు, ఒక సీజను వృథా అయింది.

ఆ రోజు నా సామాను సర్దుకుంటూ ఉండగా కాపలా మనిషి అన్న మాటను నేను అప్పుడే పట్టించుకుని ఉండవలసింది. “పగటిపూట ఏం వినబడుతుంది సార్? రాత్రి పది దాటాక వచ్చి ఇక్కడ నిలబడండి. అప్పుడు చెరువు మొత్తం ఆ మిషనే ఉంటుంది,” అన్నాడు ఆయన.

ఆయన చెప్పినదానికి భౌతికశాస్త్రంలో ఆధారం ఉంది. పగలు నేల వేడెక్కి, దాని పక్కనున్న గాలి పైగాలి కంటే వెచ్చగా ఉంటుంది గనుక ధ్వని తరంగాలు పైకి వంగిపోతాయి, దూరంలో ఉన్నవారికి చప్పుడు తగ్గి వినిపిస్తుంది. రాత్రి నేల చల్లబడ్డాక ఈ వరుస తారుమారై, కింద చల్లగాలి, దానిపైన వెచ్చని గాలి ఏర్పడటంతో అదే ధ్వని కిందికి వంగి, నీటి ఉపరితలాన్ని అంటిపెట్టుకున్నట్టుగా చాలా దూరం వెళుతుంది. కప్పలు, కీచురాళ్ళు, గుడ్లగూబలు ఒకరినొకరు వినవలసిన వేళ అదే. పగలు కొలిచి రాత్రి ప్రాణుల గురించి తీర్పు చెప్పడం నా మొదటి తప్పు.

రెండో తప్పు ‘ఎ’ కొలమానాన్నే నమ్ముకోవడం. మనిషి చెవి ఏ ధ్వనిని ఎంతగా గుర్తిస్తుందో దానికి తగినట్టు తూకం వేసే కొలమానం అది. 125 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 125 కంపనాలుండే లోతైన ధ్వనుల్లో, అది అసలు స్థాయిని సుమారు 16 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. బ్లోయర్ గది నుంచి వచ్చే గుమ్మనే మోత ఉన్నది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. నా మీటరు నా చెవి తరఫున కొలిచింది, చెరువులో ఉన్న ప్రాణుల చెవుల తరఫున కొలవలేదు.

రాత్రి రికార్డింగు

చెట్ల వరుస ఫలించలేదని తేలాక రెండోసారి పూర్తిగా కొత్త పద్ధతిలో మొదలుపెట్టాను. తూర్పు ఒడ్డున నాలుగు, పడమటి ఒడ్డున నాలుగు రికార్డర్లు, యంత్రాలేవీ లేని మరో చెరువు దగ్గర పోలిక కోసం రెండు పెట్టాను. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాటేవరకు ప్రతి పది నిమిషాలకు ఒక నిమిషం చొప్పున 21 రాత్రులు అవి పనిచేశాయి. మామూలుగా రికార్డరును మనిషి ఛాతీ ఎత్తున చెట్టుకు కట్టేస్తాం. ఈసారి తూర్పు ఒడ్డున రెండింటిని మాత్రం వెదురు కర్రకు కట్టి, నీటికి జానెడు ఎత్తున, జమ్ము మొదళ్ళ మధ్యలో ఉంచాను. కప్ప కూర్చునే ఎత్తులో ఏముందో వినాలంటే మైకు అక్కడే ఉండాలి. ఆ రెండింటి రికార్డింగులే ఈ కేసును మలుపు తిప్పాయి.

రికార్డింగును స్పెక్ట్రోగ్రామ్‌గా, అంటే లోతైన ధ్వనులు కింద, సన్నని ధ్వనులు పైన కనిపించే చిత్రంగా మార్చి చూసినప్పుడు అడుగుభాగంలో రూళ్ళ కాగితం మీద గీతల్లాగా సమాన దూరాల్లో అడ్డగీతలు కనిపించాయి. మొదటిది 144 హెర్ట్జ్, తర్వాతిది 288, ఆపైన 432, అలా పైపైకి. లెక్క వేస్తే మూలం తేలిగ్గానే దొరికింది. బ్లోయర్ మోటారు నిమిషానికి 1440 చుట్లు, అంటే సెకనుకు 24 చుట్లు తిరుగుతుంది. అందులో మూడు రెక్కల రోటర్లు రెండు ఉన్నాయి, ఒక్కో చుట్టుకు ఆరుసార్లు గాలిని ముద్దగా తోస్తాయి. ఇరవై నాలుగు ఆర్లు నూటనలభై నాలుగు. రోడ్డు శబ్దం ఇంత క్రమంగా, ఇంత మొండిగా, తెల్లవార్లూ ఒకే గీత మీద నిలబడదు.

ఆ గీతల కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టినది వాటికి చాలా పైన, 2 కిలోహెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ దాకా పరుచుకున్న బూడిదరంగు మరక. దానిని చెవితో పట్టుకోవడానికి గది దగ్గరికి వెళ్ళాను. గుమ్మనే మోతకు అలవాటు పడటానికి కొంతసేపు పట్టింది. తర్వాత దాని వెనుక సన్నని ‘స్స్’ మనే చప్పుడు వినబడింది. చెయ్యి చాచి పైపుల వెంట జరుపుకుంటూ పోతే, ఎక్కువైన ఒత్తిడిని బయటికి వదిలే రిలీఫ్ వాల్వ్ దగ్గర చల్లని సూదిలాంటి గాలి వేళ్ళకు తగిలింది. అతుకులో గాలి కారకుండా వేసే గాస్కెట్ అరిగిపోయి గాలి కారుతోంది. నిర్వహణ చూసేవారి దృష్టిలో అది పట్టించుకోనక్కరలేని లీకు. కానీ ఆ చెరువులోని చిరుకప్పల పిలుపులు, కీచురాళ్ళ గీతాలు ఉన్నది ఆ 2–5 కిలోహెర్ట్జ్ మధ్యనే. యంత్రం రెండు రకాలుగా అడ్డు తగులుతోందని అప్పుడు అర్థమైంది. గుమ్మనే మోత లోతైన గొంతున్న బోదురు కప్పల, జెముడుకాకుల పిలుపులను కప్పేస్తోంది. వాల్వ్ బుసకు చిన్న గొంతులు మునిగిపోతున్నాయి.

నాలుగు నిమిషాలు

తొమ్మిదో రాత్రి, పదకొండు దాటాక, బ్లోయర్ ట్రిప్ అయి ఆగిపోయింది. తిరిగి నడవడానికి నలభై నిమిషాలు పట్టింది. మర్నాడు కార్డులు తీసి వింటే, జమ్ము మొదట్లో పెట్టిన రికార్డరులో ఆ రాత్రి మొత్తం దొరికింది. పరీక్ష కోసం దాన్ని విరామం లేకుండా రికార్డు చేసేలా మార్చింది ఆ సాయంత్రమే.

మోత ఆగిన క్షణంలో ఏమీ మారినట్టు అనిపించదు. ఒక నీటిచుక్క ఆకు మీద పడిన చప్పుడు వినబడుతుంది. అంతకుముందు ఎనిమిది రాత్రుల్లో ఆ ఒడ్డున నీటిచుక్క చప్పుడు నాకు ఒక్కసారి కూడా వినబడలేదు. తర్వాత అవతలి ఒడ్డు నుంచి కప్పల మూక అరుపు సన్నగా, తెరలు తెరలుగా వస్తుంది. నాలుగు నిమిషాలయ్యాక, మైకుకు చాలా దగ్గరలో, ఒక చిరుకప్ప రెండుసార్లు టిక్కుటిక్కుమని ఆగుతుంది. కాసేపటికి మళ్ళీ అరుస్తుంది. ఎడమవైపు నుంచి ఇంకొకటి జవాబిస్తుంది. పావుగంటలో ఆ జమ్ములో ఐదారు గొంతులు ఒకదాని సందులో ఒకటి దూరుతూ పోటీపడి అరుస్తున్నాయి. బ్లోయర్ మళ్ళీ మొదలవగానే రెండు గొంతులు కొద్దిసేపు గింజుకుని ఆగిపోయాయి, మిగిలినవి వెంటనే ఆగిపోయాయి.

తూర్పు ఒడ్డున కప్పలు లేవని అందరూ అనుకున్నారు, వాళ్ళతోపాటు నేనూ అనుకున్నాను. అవి అక్కడే ఉన్నాయి, అరవడం మాత్రం మానేశాయి. దీని వెనుక లెక్క కఠినమైనది. శీతరక్త జంతువుల్లో అరవడం అత్యంత శక్తి ఖర్చయ్యే పనుల్లో ఒకటి. పైగా అరిచిన కప్ప తానెక్కడుందో వేటగాళ్ళకు కూడా చెబుతుంది. ఆడకప్పకు వినబడని చోట ఆ ఖర్చు, ఆ ప్రమాదం భరించడం వ్యర్థం. అరుపు లేకపోతే జత కుదరదు, జత లేకపోతే గుడ్లు లేవు, గుడ్లు, తోకకప్పలు లేకపోతే వాటి మీద బతికేవాటికీ తిండి లేదు. నీరు, మొక్కలు అన్నీ సిద్ధంగా ఉన్న ఒడ్డు ఆ ఒక్క మెట్టు దగ్గరే ఆగిపోయింది.

కప్పలన్నీ ఒకేలా స్పందిస్తాయని మాత్రం అనుకోకూడదు. థాయిలాండ్‌లో విమానాలు, మోటారు సైకిళ్ళ శబ్దాల మధ్య చేసిన పరిశీలనలో (2005లో ప్రచురితం) బాగా అరిచే మూడు జాతులు అరుపు తగ్గించగా, మరో జాతి అదే సమయంలో అరుపు పెంచింది. మెల్‌బోర్న్‌లో రోడ్ల దగ్గర ఉండే ఒక చెట్టుకప్ప కొంచెం హెచ్చు శృతిలో పిలుస్తోందని 2009లో తేలింది. సహజమైన హోరు కూడా ఇలాగే గొంతులను మలుస్తుంది. చైనాలోని హువాంగ్‌షాన్ వాగుల పక్కన ఉండే ఒక కప్ప, నీటి హోరును దాటి మనిషి చెవికి అందని అల్ట్రాసౌండ్‌లో పిలుస్తుందని 2006లో వెల్లడైంది. కానీ ఆ వాగు కప్పకు అలా మారడానికి దొరికిన తరాల కాలం మా చెరువు కప్పకు దొరకలేదు. బ్లోయర్ వచ్చి మూడేళ్ళే అయింది.

శబ్దం ఒక్కటే ఇంత చేయగలదా, పక్కనే ఉన్న గది, దీపాలు, మనుషుల రాకపోకలు కారణం కావా అని నిర్వాహకుల్లో ఒకరు అడిగారు. సరైన ప్రశ్న అది. జవాబుగా నేను అమెరికాలోని ఇడాహోలో బాయిసీ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన ప్రయోగాన్ని వివరించాను. రోడ్డే లేని అడవిలో, సుమారు అర కిలోమీటరు పొడవున స్పీకర్లు వరుసగా పెట్టి వాహనాల మోతను వినిపించారు. రోడ్డు లేదు, పొగ లేదు, వాహనం లేదు, ధ్వని మాత్రమే ఉంది. వలస పక్షుల సంఖ్య అక్కడ పావు వంతు కంటే ఎక్కువ తగ్గింది, రెండు జాతులు ఆ చోటును దాదాపుగా వదిలేశాయి. వెళ్ళకుండా ఉండిపోయిన పక్షుల్లో ఒక జాతి శరీరంలో కొవ్వు నిల్వలు సరిగా చేర్చుకోలేకపోయిందని 2015లో అదే బృందం చూపించింది. మా చెరువు దగ్గర ఆ ట్రిప్ అయిన రాత్రి కూడా అలాంటి ప్రయోగమే అయింది. గది, దీపం, గట్టు అన్నీ అలాగే ఉన్నాయి, మారింది మోత ఒక్కటే.

వినబడే మేర ఎంత

నివేదికలో నిర్వాహకులకు చెప్పదలచుకున్న ముఖ్యవిషయం ఒక లెక్క రూపంలో పెట్టాను. ఒక కప్ప పిలుపు ఎంత దూరం వినబడుతుందో, ఆ దూరాన్ని వ్యాసార్ధంగా తీసుకుని గీసిన వృత్తమే దాని అసలు నివాసం. చుట్టూ ఉన్న మోత 3 డెసిబెల్స్ పెరిగితే, బహిరంగ స్థలంలో ఆ వ్యాసార్ధం సుమారు 30 శాతం తగ్గి, వృత్తం వైశాల్యం సగమవుతుంది. 10 డెసిబెల్స్ పెరిగితే పదోవంతే మిగులుతుంది. కొలతల్లో చిన్నగా కనిపించే అంకె కప్ప ప్రపంచంలో ఇంత నేలను మింగేస్తుంది. ఈ లెక్క ఎదురుదిశలోనూ పనిచేస్తుంది. కాలిఫోర్నియాలోని మ్యూర్ వుడ్స్ అడవిలో సందర్శకులను నెమ్మదిగా ఉండమని కోరుతూ బోర్డులు పెట్టినందుకే సుమారు 3 డెసిబెల్స్ తగ్గాయి. అంటే అక్కడి ప్రాణులకు వినబడే మేర దాదాపు రెట్టింపు అయినట్టు. చెరువు పటం మీద ఈ వృత్తాలను రెండు రంగుల్లో గీసి చూపించినప్పుడు గదిలో ఉన్నవారికి సమస్య ఒక్కసారిగా అర్థమైంది. నేను రాసిన ఇరవై పేజీలు చేయలేని పని ఆ పటం చేసింది.

చెట్ల వరుస ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ సలహా చాలాచోట్ల ఇస్తున్నారు. 144 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు గాలిలో దాదాపు 2.4 మీటర్లు. ఒక వరుస కొమ్మలు, ఆకులు దానికి అడ్డే కాదు, చుట్టుకుని దాటిపోతుంది. 3 కిలోహెర్ట్జ్ బుస తరంగం పొడవు పదకొండు పన్నెండు సెంటీమీటర్లు, కాబట్టి సందులు లేని గోడ దాన్ని బాగా ఆపుతుంది, ఆకుల వరుస మాత్రం కొద్దిగానే ఆపుతుంది. చెట్లు మోత పుట్టే చోటును కంటికి కనబడకుండా చేస్తాయి, అందువల్ల మనుషులకు తగ్గినట్టు అనిపిస్తుంది. కప్పకు ఆ ఊరట లేదు.

మోత గాలిలో మాత్రమే ప్రయాణించడం లేదని గట్టు మీద కూర్చున్నప్పుడు తెలిసింది. బ్లోయర్ గది నుంచి పది అడుగుల దూరంలో అరచేయి నేల మీద ఆనిస్తే సన్నని వణుకు తగులుతోంది. యంత్రాన్ని నేరుగా కాంక్రీటు దిమ్మ మీద బోల్టులతో బిగించారు, దిమ్మ గట్టులోకి దిగి ఉంది. జమ్ము కాడల మీద బతికే మిడుతలాంటి చిన్న పురుగుల్లో చాలావాటికి మాట గాలిలో నడవదు, కాడ వెంట వణుకుగా నడుస్తుంది. మొక్కలు కూడా వణుకులో తేడాలు గుర్తించగలవు. మిస్సోరీ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2014లో, గొంగళిపురుగు ఆకు నమిలేటప్పుడు పుట్టే కంపనాలను రికార్డు చేసి అరబిడాప్సిస్ మొక్క ఆకులకు వినిపించారు. తర్వాత నిజమైన పురుగు తినడం మొదలుపెట్టినప్పుడు ఆ మొక్కలు రక్షణ రసాయనాలను ఎక్కువగా తయారుచేశాయి. గాలికి ఆకు ఊగే కంపనాలు వినిపిస్తే అలా చేయలేదు. ఇంత సూక్ష్మంగా వినే కాడల మధ్యకు తెల్లవార్లూ ఆగని వణుకును పంపడం తేలికగా తీసుకోవలసిన విషయం కాదని నా అభిప్రాయం.

చికిత్స, ఆక్సిజన్‌తో బేరం

బ్లోయర్‌ను రాత్రంతా ఆపేయమనడం తేలికైన సలహా, కానీ తప్పు సలహా. పగలు నీటిమొక్కలు, నాచు ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి అవీ శ్వాసకు ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి, నీటిలో కరిగిన ఆక్సిజన్ చీకటి పడినప్పటి నుంచి తగ్గుతూ వచ్చి తెల్లవారేముందు అట్టడుగుకు చేరుతుంది. ఆ వేళ యంత్రం నడవకపోతే చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి, కొన్నిసార్లు చచ్చి తేలుతాయి. కప్పల గొంతు తిరిగి తేవడానికి చేపల ప్రాణం తీయలేం. పక్షుల తెల్లవారుజాము పాటలు మొదలయ్యేదీ ఆ వేళే. ఇలా రెండు అవసరాలు ఒకే గంట మీద పడ్డాయి, ఈ కేసులో నేను ఎక్కువ సమయం గడిపింది దీని మీదే.

చివరికి కుదిరిన ఏర్పాటు ఇది. అరిగిన గాస్కెట్ మార్చి, వాల్వ్‌కు, గాలి పీల్చే మూతికి సైలెన్సర్లు బిగించారు. ఆ ఒక్క పనితోనే స్పెక్ట్రోగ్రామ్‌లోని బూడిద మరక దాదాపు కనబడకుండా పోయింది. రిపేరు పూర్తయింది ఒక్క మధ్యాహ్నంలో. మోటారు కింద రబ్బరు మౌంట్లు, పైపు గోడను దాటేచోట మెత్తని అతుకు పెట్టారు, అరచేతికి తగిలే వణుకు ఆగింది. గది లోపల ధ్వనిని పీల్చే పొరలు వేశారు. తలుపు మూసి ఉంచితేనే ఇది పనికొస్తుంది, మోటారు వేడెక్కుతుందని తలుపు బార్లా తెరిచి ఉంచడం అక్కడ అలవాటు. అందువల్ల గాలి వచ్చిపోయేందుకు మలుపులు తిరిగిన వేరే దారి కట్టించాను. లేకపోతే మూడో రోజుకే తలుపు తెరుచుకునేది.

ఆ తర్వాత వేళలు మార్చాం. సాయంత్రం మూడు గంటల పాటు యంత్రాన్ని పూర్తి వేగంతో నడిపి నీటిలో ఆక్సిజన్ నింపి, చీకటి పడుతుండగా ఆపుతారు. అర్ధరాత్రి దాకా ఆ ఒడ్డు కప్పలది. అప్పటి నుంచి తెల్లవారేదాకా మోటారు వేగాన్ని తగ్గించి పెంచే వీఎఫ్‌డీ అనే పరికరం సాయంతో మూడింట రెండు వంతుల వేగంతో మాత్రమే నడుపుతారు. ఆ వేగంలో మూలధ్వని 144 నుంచి 96 హెర్ట్జ్‌కు దిగుతుంది, మోత కూడా చెవికి తెలిసేంతగా తగ్గుతుంది. నీటిలో ఆక్సిజన్ మీటరు శాశ్వతంగా ఉంచి, లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగితే వేళతో పని లేకుండా పూర్తి వేగంతో నడపాలని రాతపూర్వకంగా పెట్టుకున్నాం. మొదటి సీజనులో ఉక్కపోసిన మబ్బు రాత్రుల్లో కొన్నిసార్లు అలా నడపవలసి వచ్చింది.

ఈ దశలో ఒక సూచన వచ్చింది. స్పీకర్లు పెట్టి కప్పల అరుపులు వినిపిస్తే త్వరగా తిరిగి వస్తాయి కదా అన్నారు. ధ్వనితో ప్రాణులను పిలవడం నిజంగా సాధ్యమే. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో లిజార్డ్ ఐలండ్ దగ్గర, చచ్చిన పగడపు గుట్టల పక్కన ఆరోగ్యంగా ఉన్న దిబ్బ ధ్వనిని నీటిలో వినిపిస్తే, నలభై రోజుల్లో అక్కడ చేరిన చేపల సంఖ్య, ధ్వని వినిపించని గుట్టలతో పోలిస్తే, రెట్టింపు, జాతుల సంఖ్య ఒకటిన్నర రెట్లు అయిందని 2019లో ప్రచురించారు. అయినా నేను ఒప్పుకోలేదు. మోత ఇంకా ఉన్న ఒడ్డుకు పిలిస్తే, వచ్చిన మగకప్ప గొంతు ఎవరికీ వినబడక ఆ సీజను పోగొట్టుకుంటుంది. ముందు ఒడ్డును వినడానికి వీలుగా చేయాలి, పిలవాలా వద్దా అనేది ఆ తర్వాతి ప్రశ్న. తర్వాత పిలవవలసిన అవసరమే రాలేదు.

రెండు వానాకాలాల తర్వాత

మొదటి వానాకాలం బాగా కురిసింది. పోలిక చెరువులో కూడా అరుపులు పెరిగాయి కాబట్టి, తూర్పు ఒడ్డున కనిపించిన పెరుగుదలనంతా మా ఖాతాలో వేసుకోలేదు. రెండు చోట్ల మధ్య తేడాను మాత్రమే లెక్కలోకి తీసుకున్నాం. ఆ మేరకు చూసినా చిరుకప్పల విషయంలో మార్పు స్పష్టంగా ఉంది. యంత్రం ఆగిన అరగంట లోపే తూర్పు జమ్ము నిండా పిలుపులు వినబడుతున్నాయి, ఆ ఒడ్డు నీటిలో గుడ్ల ముద్దలు మొదటిసారి కనిపించాయి. కీచురాళ్ళు వాటికంటే ముందే, గాస్కెట్ మార్చిన వారంలోనే పుంజుకున్నాయి.

బోదురు కప్పలు మొదటి ఏడు రాలేదు. రెండో ఏడు తొలి వానకు రెండు గొంతులు వినబడ్డాయి, అవి కూడా గదికి దూరంగా ఉన్న చివరన. నీటికోళ్ళు ఇప్పటికీ తూర్పు ఒడ్డున గూడు కట్టలేదు. మోత పోగానే అన్నీ తిరిగి వస్తాయని ఆశించేవారికి అమెరికాలోని న్యూ మెక్సికోలో జరిగిన సుదీర్ఘ పరిశీలన గుర్తుచేస్తాను. సహజవాయు బావుల కంప్రెసర్ల మోత ఉన్న అడవిలో పైన్ మొలకలు తక్కువగా ఉన్నాయని 2012లో చూశారు. విత్తనాలను పాతిపెట్టి మొలకలకు కారణమయ్యే ఒక జాతి జే పక్షి ఆ మోతకు దూరంగా వెళ్ళిపోవడమే అందుకు ముఖ్య కారణంగా తేలింది. మోత తొలగిన తర్వాత అదే చోట్లకు తిరిగి వెళ్ళి చూస్తే మొలకలు కోలుకోలేదని 2021లో అదే బృందం రాసింది. చోటు వదిలిన పక్షికి ఆ చోటు చెడ్డదన్న జ్ఞాపకం ఉండవచ్చు, లేదా ఆ చోటును ఎరిగిన పక్షే ఇప్పుడు బతికి లేకపోవచ్చు.

ఒక నష్టం కూడా రాయాలి. బ్లోయర్ గది పక్కనున్న జమ్ములో, మోత ఉన్న రోజుల్లో, చిన్న పిట్టలు కొన్ని ఏటా గూళ్ళు కట్టి పిల్లలను పెంచుకునేవి. వాటికి మోత రక్షణ అయింది, ఎందుకంటే గూళ్ళు దోచే జెముడుకాకి అటు వచ్చేది కాదు. న్యూ మెక్సికోలో కూడా గూళ్ళు దోచే జే పక్షులు లేని మోత ప్రాంతంలో హమ్మింగ్‌బర్డ్‌లు ఎక్కువగా గూళ్ళు కట్టాయి. మేము మోత తగ్గించాక జెముడుకాకి తిరిగి వచ్చింది. మొదటి సీజనులో ఆ జమ్ములో నేను గుర్తుపెట్టుకున్న గూళ్ళు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి, ఒక గూటి కింద నీటిలో విరిగిన గుడ్డు పెంకు తేలుతూ కనిపించింది. ఇది నేను ముందుగా ఊహించి నిర్వాహకులకు చెప్పి ఉండవలసిన పరిణామం. రెండో ఏడు గూళ్ళు జమ్ము లోపలికి, దట్టమైన చోటికి జరిగాయి, వాటిలో కొన్ని నిలిచాయి.

ఈ చెరువు ఒడ్లమీది ఎనిమిది రికార్డర్లలో ఆరింటిని తీసేశాం, నీటికి జానెడు ఎత్తున ఉన్న రెండు మాత్రం అక్కడే ఉన్నాయి. ప్రతి నెలా కాపలా మనిషి కార్డులు మార్చి పంపుతాడు, కవరు మీద తాను స్వయంగా విన్నది కూడా ఒక వరుస రాస్తాడు. కిందటి కవరు మీద, “గది వైపు పెద్ద కప్ప ఒకటి అరిచింది, మూడు రాత్రులు” అని ఉంది. కార్డులో వెతికితే మొదటి రాత్రి 11 గంటల 20 నిమిషాలకు ఆ గొంతు దొరికింది, గది గోడకు పాతిక అడుగుల లోపే.